అడ్రినల్ గ్రంథిలో అనుకోకుండా గడ్డ కనపడితే ఏం చేయాలి?

మీరు రాసినది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 61 ఏళ్లు, స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు. కిందటి నెల కుడి డొక్కలో నొప్పి వస్తే గాజువాకలో సీటీ కేయూబీ (కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం చూసే స్కాన్) తీయించారు. మూత్రనాళంలో 5 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు, అది పడిపోయింది కూడా. కానీ రిపోర్టు చివర్లో "ఎడమ అడ్రినల్ గ్రంథిలో 22 మిల్లీమీటర్ల నాడ్యూల్, 4 హెచ్‌యూ, ఎడినోమా కావచ్చు" అని ఒక వాక్యం ఉంది. (అడ్రినల్ అంటే కిడ్నీ పైన కూర్చుని హార్మోన్లు తయారుచేసే చిన్న గ్రంథి, ఎడినోమా అంటే క్యాన్సర్ కాని గడ్డ. హెచ్‌యూ సంగతి కింద చెబుతాను.) నాన్నగారు బీపీకి రెండు రకాల మాత్రలు, షుగర్‌కి ఒకటి వాడుతున్నారు. ఒక డాక్టరు బయాప్సీ చేద్దామన్నారు. మీ మేనమామ హైదరాబాద్ తీసుకెళ్లి తీయించేయమంటున్నారు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇది క్యాన్సర్ కాదని ఆ 4 అనే అంకే చెబుతోంది. బయాప్సీ వద్దు. ఆపరేషన్ గురించి ఇప్పుడు ఆలోచించే పని లేదు. కానీ రిపోర్టు అటక మీద పడేయకండి, నాన్నగారికి రెండు హార్మోన్ పరీక్షలు చేయించాలి. ఒకే ఒక్క షరతు: గడ్డ లోపల అంతా ఒకే తీరుగా ఉందా అని స్కాన్ చూసిన రేడియాలజిస్టును అడగండి. ఔనంటే పై మాటకు తిరుగులేదు.

నేను విశాఖలో ఇరవై ఏళ్లు దాటి ఎండోక్రైనాలజీ ప్రాక్టీసు చేస్తున్నాను. మొదట్లో ఇలాంటి రిపోర్టు మూడు నెలలకొకటి వచ్చేది. ఇప్పుడు వారానికొకటి వస్తోంది. గడ్డలు పెరగలేదు, సీటీ మిషన్లు పెరిగాయి. రాయి కోసమో, గాల్‌బ్లాడర్ కోసమో, కోవిడ్ రోజుల్లో ఊపిరితిత్తుల కోసమో తీసిన స్కాన్‌లో అడ్రినల్ కూడా పడుతుంది. వెతకబోయిన తీగ కాలికి తగిలితే సంతోషిస్తాం, ఇక్కడ ఎవరూ వెతకని తీగ తగిలి బోర్లా పడేస్తోంది. మా భాషలో దీన్ని ఇన్సిడెంటలోమా అంటారు. సెంటీమీటరు, అంతకు మించి ఉంటేనే ఆ పేరు. వయసుతో పాటు ఇవి పెరుగుతాయి. ముప్పై ఏళ్ల మనిషిలో అరుదు, డెబ్బై దాటినవాళ్లలో బాగా మామూలు. అందుకే పాతికేళ్ల పిల్లలో గానీ గర్భిణిలో గానీ కనపడితే నేను తొందరపడతాను. 61 ఏళ్ల మనిషిలో కనపడితే ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను.

ఈ గడ్డల్ని వర్గీకరించడమంటే రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే. అది చెడ్డదా? అది హార్మోన్లు వదులుతోందా? ఇంట్లోవాళ్లకి మొదటిదే కనపడుతుంది. అది కాదనగానే ఊపిరి పీల్చుకుని వెళ్లిపోతారు. నా అనుభవంలో మనుషులు ఎక్కువగా నష్టపోయింది రెండో ప్రశ్న అడగకపోవడం వల్ల.

మొదటి ప్రశ్నకు జవాబు సైజులో ఉందని అందరూ అనుకుంటారు. సైజు కంటే ముందు చూడాల్సింది హెచ్‌యూ, అంటే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. సీటీ స్కాన్ కనిపెట్టి 1979లో నోబెల్ పంచుకున్న ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరు అది. ఎక్స్‌రే ఒక వస్తువులోంచి వెళ్లేటప్పుడు ఎంత అడ్డం తగులుతుందో చెప్పే కొలత. నీళ్లకి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకి మైనస్ 100 దరిదాపుల్లో. అడ్రినల్ పైపొర హార్మోన్లు తయారుచేసేది కొలెస్టరాల్‌తో. మామూలు ఎడినోమా కణాలు ఆ కొవ్వుని లోపల నింపుకుని కూర్చుంటాయి, అందుకే వాటి అంకె తక్కువ. క్యాన్సర్ కణాల్లో, ఫియోక్రోమోసైటోమాలో (అడ్రినల్ లోపొరలో పుట్టి, బీపీని ఎగదోసే హార్మోన్లు వదిలే గడ్డ) ఆ కొవ్వు నిల్వ ఉండదు కాబట్టి అంకె పైకి పోతుంది.

కాంట్రాస్ట్ మందు ఎక్కించని స్కాన్‌లో గడ్డ ఒకే తీరుగా ఉండి, 10 లేదా అంతకంటే తక్కువ వస్తే అది సాధు గడ్డ, అంటే క్యాన్సర్ కానిది. యూరప్ ఎండోక్రైన్ సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలను 2023లో సవరించి, ఇలాంటి గడ్డకు సైజు ఎంతైనా మళ్లీ స్కాన్ అక్కర్లేదు అని తేల్చేసింది. నేను చదువుకున్న రోజుల్లో ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి స్కాన్ చేయించమనేవారు. ఇప్పటికీ కొందరు అలవాటుగా రాస్తున్నారు. ప్రతి ఏడూ స్కాన్, ప్రతి ఏడూ అదే 22 మిల్లీమీటర్లు, ప్రతి ఏడూ అదే టెన్షన్.

11 నుంచి 20 మధ్య ఉండి, నాలుగు సెంటీమీటర్ల లోపు, ఒకే తీరుగా ఉంటే వెంటనే ఇంకో రకం స్కాన్ చేయొచ్చు, లేదా పన్నెండు నెలలు ఆగి మళ్లీ చూడొచ్చు. 20 దాటితే, లేదా లోపల మచ్చలు మచ్చలుగా ఉంటే, అక్కడి నుంచి ఒక్కరు తేల్చే విషయం కాదు. ఎండోక్రైన్, రేడియాలజీ, సర్జరీ వాళ్లు కలిసి కూర్చోవాలి. నాలుగు సెంటీమీటర్లు దాటి ఈ లక్షణాలు కూడా ఉంటే చాలామటుకు తీసేయడమే. కొన్నాళ్లు ఆగి చూసిన గడ్డలో ఏడాదిలోపు 20 శాతానికి పైగా, కనీసం 5 మిల్లీమీటర్లు పెరుగుదల ఉంటే అప్పుడు కూడా ఆపరేషన్ మాట వస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా పెరుగుదల కాదు, కొలిచే చేతిలో తేడా.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. రాయి కోసం తీసే సీటీ కేయూబీలో కాంట్రాస్ట్ ఎక్కించరు. అందుకే మీ రిపోర్టులో 4 అనే అంకె పనికొచ్చింది. అదే కడుపు నొప్పికి కాంట్రాస్ట్‌తో మాత్రమే తీసుంటే, ఇదే ఎడినోమా మందు పీల్చుకుని పది దాటిపోయి అనుమానాస్పదంగా కనపడేది. అలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కాంట్రాస్ట్ లేకుండా అడ్రినల్ వరకు ఒక ప్లెయిన్ సీటీ తీయించండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. మన ఊళ్లో చాలా రిపోర్టుల్లో అసలు హెచ్‌యూ రాయరు, సైజు రాసి ఊరుకుంటారు. సీడీ ఉంటే ఆ సెంటర్‌కి తీసుకెళ్లి కొలిచి రాయమనండి. రెండు నిమిషాల పని.

ఎడినోమాల్లో దాదాపు మూడో వంతుకి కొవ్వు తక్కువ. వాటి అంకె 10 దాటుతుంది, అయినా సాధువులే. వాటిని విడదీయడానికి కాంట్రాస్ట్ ఎంత త్వరగా కడిగేసుకుపోతోందో చూసే వాషౌట్ సీటీ, కెమికల్ షిఫ్ట్ ఎంఆర్‌ఐ, పెట్ స్కాన్ ఉన్నాయి. వాషౌట్ మీద ఒకప్పుడున్న నమ్మకం నాకిప్పుడు లేదు, ఫియోక్రోమోసైటోమా కూడా అందులో ఎడినోమాలాగే కనపడి మోసం చేయగలదు.

సైజు భయం గురించి ఒక మాట. అనకాపల్లి దగ్గర పల్లె నుంచి ఒకాయన వచ్చారు, కుడివైపు ఆరు సెంటీమీటర్ల గడ్డ. "పెద్ద ట్యూమర్" అని ఎవరో అనడంతో ఆపరేషన్ ఖర్చుకని అరెకరం జీడితోట బేరం పెట్టేసి వచ్చారు. స్కాన్ చూస్తే గడ్డ మధ్యలో నల్లగా కొవ్వు, అంకె మైనస్ 60. అది మైలోలిపోమా, కొవ్వూ మూలుగా కలిసిన ముద్ద. నొప్పి లేదు, రక్తస్రావం లేదు. తోట అమ్మొద్దని చెప్పి పంపించాను. మరోవైపు, ఆరు సెంటీమీటర్లు దాటిన గడ్డల్లో కొవ్వు లేకపోతే నాలుగింట ఒకటి క్యాన్సర్ కావొచ్చని పాత లెక్క. నాలుగు లోపు ఉన్నవాటిలో అది రెండు శాతం. అసలు అడ్రినల్ పైపొర క్యాన్సర్ ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. కాబట్టి సైజు మాట వినాలి గానీ, ఒంటరిగా దాని మాటే వినకూడదు.

ఇక రెండో ప్రశ్న. ఇది మీ నాన్నగారికి వర్తించేది, అందుకే కొంచెం ఓపిగ్గా చదవండి.

కార్టిసాల్. ఇది అడ్రినల్ తయారుచేసే స్టిరాయిడ్ హార్మోన్. గడ్డ ఉన్న ప్రతివాళ్లకీ దీని పరీక్ష చేయించాల్సిందే. రాత్రి 11 గంటలకు డెక్సామెథసోన్ 1 మిల్లీగ్రాము మింగాలి, మర్నాడు ఉదయం 8 నుంచి 9 మధ్య రక్తం ఇవ్వాలి. బయటి నుంచి స్టిరాయిడ్ వచ్చింది కదా అని మామూలు అడ్రినల్ పని ఆపేస్తుంది. కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాములు, అంతకన్నా తక్కువకి పడిపోతుంది. పడలేదంటే గడ్డ తన ఇష్టప్రకారం కార్టిసాల్ వదులుతోందన్నమాట. చవకైన పరీక్షే, కానీ పాడుచేసుకోవడం ఇంకా తేలిక. మందుల షాపుల్లో దొరికేది ఎక్కువగా అర మిల్లీగ్రాము మాత్ర, రెండు వేసుకోవాలి. ఒక్కటే వేసుకుని వచ్చినవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఒక పెద్దాయన "నేను ఏడింటికే పడుకుంటానమ్మా, పదకొండు దాకా ఎవడు మేలుకుంటాడు" అని సాయంత్రం ఆరింటికే వేసేసుకున్నారు. మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఫిట్స్ మందులు, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఉంటే డెక్సామెథసోన్ త్వరగా కరిగిపోయి ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకీ ఫలితం తప్పుగా ఎక్కువ రావచ్చు. నొప్పుల కోసం ఊళ్లో ఇచ్చే పేరులేని పొడులు, మోకాలికి వేయించుకున్న ఇంజెక్షన్లు కూడా చెప్పాలి. వాటిలో స్టిరాయిడ్ ఉంటే లెక్కంతా తారుమారవుతుంది.

1.8 దాటి, ముఖం ఉబ్బడం, పొట్ట మీద ఊదారంగు చారలు వంటి కుషింగ్ (కార్టిసాల్ బాగా ఎక్కువైతే వచ్చే జబ్బు) లక్షణాలు లేకపోతే దాన్ని మైల్డ్ అటానమస్ కార్టిసాల్ సెక్రీషన్ అంటారు. పేరులో మైల్డ్ ఉంది గానీ అందరికీ మైల్డ్ కాదు. పెందుర్తి నుంచి వచ్చిన ఒకావిడకి మూడు సెంటీమీటర్ల ఎడినోమా, హెచ్‌యూ 2. "ఏమీ కాదు" అని రెండేళ్ల కిందట ఎవరో చెప్పి పంపేశారు. ఈలోగా బీపీకి మూడు మాత్రలు, షుగర్‌కి ఇన్సులిన్, బిందె ఎత్తితే వెన్నుపూస విరిగింది. డెక్సామెథసోన్ పరీక్షలో 4.6 వచ్చింది, ఏసీటీహెచ్ (అడ్రినల్ చేత కార్టిసాల్ తయారుచేయించే పిట్యూటరీ హార్మోన్) అడుగంటిపోయింది. గడ్డ తీయించాం. ఇప్పుడు బీపీకి ఒక్క మాత్రే, ఇన్సులిన్ మానేశారు. ఆపరేషన్ తర్వాత ఎనిమిది నెలలు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్‌కి బదులుగా ఇచ్చే మందు) వాడాల్సి వచ్చింది, ఎందుకంటే రెండోవైపు గ్రంథి అన్నాళ్లూ నిద్రపోయింది. అదే 74 ఏళ్ల ఇంకొకాయనకి 2.3 వచ్చింది. బీపీ లేదు, షుగర్ లేదు, ఎముకలు గట్టివి, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక. ఆయన్ని నేను ముట్టుకోలేదు. ఏడాదికోసారి బీపీ, షుగర్ చూస్తున్నాను, అంతే. ఈ రెండు చివరల మధ్య ఉన్నవాళ్ల విషయంలో డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. నేను గడ్డ వయసు చూడను, మనిషి వయసూ జబ్బులూ చూస్తాను.

ఆల్డోస్టెరోన్. ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచి బీపీ పెంచే అడ్రినల్ హార్మోన్ ఇది. బీపీ ఉన్నా, పొటాషియం తక్కువున్నా ఆల్డోస్టెరోన్, దాన్ని నడిపించే కిడ్నీ హార్మోన్ రెనిన్ రెండూ కొలిపించి నిష్పత్తి చూడాలి. నాన్నగారికి బీపీ ఉంది కాబట్టి ఇది తప్పనిసరి. "పొటాషియం బాగానే ఉంది, అక్కర్లేదు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. మాత్రల్లో స్పైరొనోలాక్టోన్ ఉంటే నాలుగు వారాల ముందు ఆపాలి, బీటా బ్లాకర్లు కూడా ఫలితాన్ని మారుస్తాయి. ఇవేవీ మీకు మీరుగా ఆపొద్దు, రాసిన డాక్టరే మార్చాలి. పొద్దున్న లేచి రెండు గంటలు తిరిగాక, కాసేపు కూర్చుని రక్తం ఇవ్వాలి.

మెటనెఫ్రిన్లు. అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలివి. ఈ పరీక్ష ఫియోక్రోమోసైటోమా కోసం. హెచ్‌యూ 10 దాటిన ప్రతి గడ్డకీ చేయించాలి. మీ నాన్నగారికి 4 కాబట్టి అవసరం లేదు, ఆ డబ్బు మిగిలినట్టే. అవసరమున్నవాళ్లు మాత్రం మానకూడదు. విజయనగరం వైపు నుంచి ఒక టీచరుగారు వచ్చారు, 2.8 సెంటీమీటర్ల గడ్డ, హెచ్‌యూ 34. క్లినిక్‌లో బీపీ 130/80. ఏ ఇబ్బందీ లేదన్నారు. పక్కనున్న అత్తగారు అందుకున్నారు: "ఏటి లేదమ్మా, ముగ్గెయ్యడానికి వంగితే చాలు, గుండి గుర్రంలాగ పరిగెడతాది అంటాది, చీరంతా తడిసిపోద్ది." మూడేళ్లుగా అది గ్యాస్ అనీ, నరాల బలహీనత అనీ మందులు మింగుతున్నారు. మెటనెఫ్రిన్లు మామూలు కంటే ఎన్నో రెట్లు వచ్చాయి. రెండు వారాలు ప్రజోసిన్ అనే ఆల్ఫా బ్లాకర్ మాత్ర పెంచుకుంటూ పోయి, ఉప్పూ నీళ్లూ బాగా తీసుకోమని చెప్పి, ఆ తర్వాతే కీహోల్‌లో తీశారు. ముందు ఆల్ఫా బ్లాకర్, అవసరమైతే ఆ తర్వాతే బీటా బ్లాకర్. ఈ వరుస తిరగబడితే బీపీ చేయి దాటిపోతుంది.

ఆడవాళ్లకి ఉన్నట్టుండి మీసం గడ్డం రావడం, గొంతు మారడం ఉంటే మగ హార్మోన్లూ చూడాలి, అది క్యాన్సర్ వైపు చూపే వేలు.

బయాప్సీ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఫియోక్రోమోసైటోమా అని తెలియక సూది గుచ్చితే ఆ హార్మోనంతా ఒక్కసారి రక్తంలోకి వచ్చి ప్రాణం మీదకి తెస్తుంది. అది అడ్రినల్ క్యాన్సరే అయితే, సూది దారిలో కణాలు చిమ్మి, శుభ్రంగా తీయగలిగిన జబ్బుని పాడుచేసినట్టవుతుంది. పైగా సాధు ఎడినోమానీ క్యాన్సర్‌నీ ఆ చిన్న ముక్కలో విడదీయడం పాథాలజిస్టుకీ కష్టమే. వేరే చోట క్యాన్సర్ ఉన్నవాళ్లలో అది ఇక్కడికి పాకిందా అని, ఫలితాన్ని బట్టి వైద్యం మారేటట్టు ఉంటేనే, అదీ మెటనెఫ్రిన్లు మామూలుగా ఉన్నాయని తేలాకే బయాప్సీ మాట. నాన్నగారికి గతంలో ఏదైనా క్యాన్సర్ ఉందా? మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నాను.

బయాప్సీ నిజంగా అవసరమయ్యే ఇంకో సందర్భం ఉంది. అది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ప్రాక్టీసు మొదట్లో భీమిలి దగ్గర మత్స్యకార పల్లె నుంచి ఒకావిడ వచ్చింది, యాభై అయిదేళ్లుంటాయి. నీరసం, తిండి సయించదు, నాలుగు నెలల్లో పది కిలోలు తగ్గింది. స్కాన్‌లో రెండువైపులా అడ్రినల్ గ్రంథులు పెరిగి ఉన్నాయి. ఎక్కడో క్యాన్సర్ ఉండి పాకిందనుకుని దాని కోసం వెతుకుతూ కూర్చున్నాను. నోట్లో నల్ల మచ్చలు చూశాను. ఆవిడ అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట వెలిగించిన కొనని నోట్లో పెట్టుకుని. మన తీరంలో ఆ వయసు ఆడవాళ్లలో చూసేదే కదా అని ఆ మచ్చల్ని దాని ఖాతాలో వేశాను. వారం తర్వాత వాంతులతో, పడిపోయిన బీపీతో తీసుకొచ్చారు. సోడియం 118. చేతి గీతల్లో కూడా నలుపు ఉందని అప్పుడు చూశాను. అడ్రినల్ గ్రంథులు రెండూ పనిచేయడం మానేశాయి. హైడ్రోకార్టిసోన్ ఎక్కించాక రెండు రోజుల్లో లేచి కూర్చుంది. ఆ తర్వాత బయాప్సీ చేస్తే హిస్టోప్లాస్మా అనే ఫంగస్ బయటపడింది. ఏడాది పాటు ఇట్రాకొనజోల్ వాడింది, హైడ్రోకార్టిసోన్ మాత్రం జీవితాంతం. రెండువైపులా గడ్డలుంటే ఉదయం కార్టిసాల్, ఏసీటీహెచ్ ముందు చూడాలి, మిగతావన్నీ తర్వాత. మన దేశంలో టీబీ కూడా ఇలాగే చేస్తుంది. ఇది మీ నాన్నగారికి సంబంధించింది కాదు, ఒకవైపే కదా. కానీ ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.

మళ్లీ మీ దగ్గరికి వస్తే: డెక్సామెథసోన్ పరీక్ష, ఆల్డోస్టెరోన్ రెనిన్ నిష్పత్తి, దాంతోపాటు పొటాషియం, క్రియాటినిన్. రెండు హార్మోన్ పరీక్షలూ ఒకే రోజు కలిపి చేయించొద్దు, ముందు ఆల్డోస్టెరోన్‌కి రక్తం ఇచ్చి, ఆ తర్వాత డెక్సామెథసోన్ పెట్టుకోండి. దీనికోసం హైదరాబాద్ వెళ్లక్కర్లేదు, పరీక్షలు విశాఖలోనే అయిపోతాయి. ఎండోక్రైనాలజిస్టులు ఇక్కడా ఉన్నారు. రెండూ మామూలుగా వస్తే గడ్డ సంగతి అక్కడితో సరి, మళ్లీ స్కాన్ కూడా వద్దు. ఏదైనా ఎక్కువ వచ్చి ఆపరేషన్ దాకా వెళ్తే అప్పుడు ఊరు చూడకండి, సర్జన్‌ని చూడండి. ఏడాదికి ఎన్ని అడ్రినల్ ఆపరేషన్లు చేస్తారని మొహమాటం లేకుండా అడగండి. ఆల్డోస్టెరోన్ ఎక్కువని తేలినా వెంటనే ఎడమ గడ్డ తీసేయరు. అది అక్కడి నుంచే వస్తోందా, రెండువైపుల నుంచా అని అడ్రినల్ సిరల్లోంచి రక్తం తీసి చూడాల్సి రావచ్చు. రెండువైపుల నుంచీ అయితే మాత్రలతోనే వైద్యం.

ఫలితాలు వచ్చాక అంకెలు, అప్పుడు ఏ మాత్రలు వాడుతున్నారో కూడా రాయండి. మాత్రల పేర్లు లేకుండా రెనిన్ అంకె నాకు ఉపయోగపడదు.

అన్నట్టు, అసలు నొప్పి పెట్టిన రాయిని ఈ గొడవలో అందరూ మర్చిపోయారు. అది మళ్లీ రావచ్చు. ఎలాగూ రక్తం ఇస్తున్నారు కాబట్టి కాల్షియం, యూరిక్ యాసిడ్ కూడా రాయించుకోండి. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత నీళ్లు తాగమని నాన్నగారికి చెప్పండి. మన ఉక్కపోతకి దానికి మూడు లీటర్ల పైనే తాగాలి.